వీపు మీది చెవి

రోడ్డు మీద సైకిల్ తొక్కేవాడికి చెవులు మూడు. రెండు అందరికీ ఉన్నచోటే ఉంటాయి. మూడోది వీపు మీద, రెండు రెక్కల మధ్య ఉంటుంది. మిగతా రెండూ పాట వింటున్నా, పక్కవాడి కబుర్లు వింటున్నా, అది మాత్రం వెనక్కే కాపలా కాస్తూ ఉంటుంది.

రావులపాలెం హైవే పక్కన కాలేజీకి సైకిల్ మీద వెళ్ళే రోజుల్లో నా మూడో చెవి ఎంత చురుకుగా ఉండేదంటే, తల తిప్పకుండానే వెనక వచ్చేదేమిటో చెప్పేసేవాణ్ణి. ఆర్టీసీ బస్సు గేరు మారేటప్పుడు ముసలాయన మంచం మీంచి లేచినట్టు మూలుగుతుంది. ఖాళీ ఇసక లారీకి వెనక తలుపు గొలుసులు గలగలమంటాయి. కొబ్బరికాయల ట్రాక్టరయితే ముందు పాట వినపడుతుంది, ఆ తర్వాత ఇంజను. ఎప్పుడు తారు దిగి కంకర మార్జిన్లోకి తప్పుకోవాలో చెవి చెప్పేది, చేతులు హ్యాండిల్ తిప్పేవి. మధ్యలో నా ప్రమేయం ఏమీ ఉండేది కాదు. దాన్ని భయం అనుకోలేదెప్పుడూ. సైకిల్ తొక్కడమంటే అదే అనుకున్నాను.

అది భయమేనని తెలియడానికి నాకు యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, పైగా ఫ్రాన్సు దాకా వెళ్ళాల్సొచ్చింది.

మా అమ్మాయి లియోన్‌లో ఉంటుంది. జూన్ నెలలో నేను వెళ్ళినప్పుడు రెండు రోజులు సెలవు పెట్టి, ఆదివారంతో కలిపి మూడు రోజులు చేసి, "నాన్నా, సైకిల్ మీద తిరిగొద్దాం" అంది. "ఈ వయసులో నన్ను హైవే ఎక్కిస్తావా?" అన్నాను. "హైవే కాదు, అసలు బండ్లే రాని దారి" అంది. సెలవిచ్చిన ఆఫీసువాళ్ళు ఎక్కడికని అడిగితే షాలోన్ నుంచి మాకోన్ దాకా అని చెప్పిందట. అది డెబ్భై చిల్లర కిలోమీటర్లు. దానికి మూడు రోజులెందుకని నవ్వారట. నాన్నగారొచ్చారు అని చెప్పిందట. ఏ దేశంలోనైనా అర్థమయ్యే కారణమే.

ఆ దారిని వాళ్ళు 'వ్వా వెర్త్' అంటారు, పచ్చదారి అని. నడిచేవాళ్ళకి, సైకిళ్ళకి, చక్రాల బూట్లవాళ్ళకే గానీ ఇంజనున్న దేనికీ ప్రవేశం లేదు. 2004లో వాళ్ళ ట్రాఫిక్ చట్టంలో కూడా దీన్ని ఒక ప్రత్యేకమైన దారిగా చేర్చారు. ఇలాంటివి ఇప్పుడు ఫ్రాన్సు నిండా ఉన్నాయి గానీ మొట్టమొదటిది మేం వెళ్ళిన ఈ బర్గండీ దారే. 1997లో జివ్రీ నుంచి క్లూనీ వరకు 44 కిలోమీటర్లు వేశారు. తర్వాత రెండువైపులా పొడిగించారు.

రైల్లో షాలోన్ దిగి, సైకిళ్ళకి చెరో రెండు సంచులు తగిలించుకుని, జివ్రీ ద్రాక్షతోటల్లోకి వచ్చేసరికి పది దాటింది. రోడ్డు అడ్డం వచ్చిన ప్రతిచోటా అడ్డకర్రలు పెట్టారు. కారు దూరదు, సైకిల్ కూడా వంకర తిరిగి దూరాలి. ఆ కర్ర దాటితే మళ్ళీ మూడు నాలుగు కిలోమీటర్ల దాకా ఏమీ ఉండదు. మంచి తారు, రెండు పక్కలా చెట్లు, చెట్ల సందుల్లో తెల్లటి షరొలే ఆవులు. మొదటి గంటంతా మా అమ్మాయి నవ్వుతూనే ఉంది. "నాన్నా, అస్తమానం కుడి అంచు దిగిపోతున్నావెందుకు?" నిజమే. వెనక ఏమీ లేదు. గాలికి ఆకులు కదిలితే నా వీపు దాన్ని లారీ అనుకుంటోంది. పొలంలో ఎక్కడో ట్రాక్టరు స్టార్టయితే నా హ్యాండిల్ దానంతటదే గడ్డిలోకి తిరుగుతోంది. నలభై ఏళ్ళు డ్యూటీ చేసిన వాచ్‌మన్ని రిటైరయిన మర్నాడు పొద్దున్నే నిద్రపొమ్మంటే ఎలా పోతాడు?

బుస్సీ అనే ఊళ్ళో మధ్యాహ్నం తిండికి ఆగాం. రాయడం 'బుక్సీ' లాగే రాస్తారు గానీ ఆ ప్రాంతంలో ఎక్స్‌ని స్స లాగా పలుకుతారు. బోర్డు ముందు నిలబడి ఇదేనా బొబ్బిలి మీదికి వచ్చిన బుస్సీ దొర ఊరు అని కాసేపు కోపం తెచ్చుకున్నాను. కాదు, ఆయన ఇంటిపేరు స్పెల్లింగు వేరు. 1757 నాటి కోపం వృథాగా పోవడం ఇష్టంలేక అక్కడి చీజు మీద చూపించాను.

రెండో రోజు పొద్దున్న, సెంజాంగూ దాటాక (ఆ ఊరి పేరు చివర పూర్వం 'రాయల్' ఉండేది, రాజులు పోయాక 'నేషనల్' అని మార్చుకున్నారు, మన వీధుల పేర్ల లాగే), ఎక్కడో తెలియదు, వీపు మీది చెవి నిద్రపోయింది. నిద్రపోయిందని నాకు మిగతా రెండు చెవుల వల్ల తెలిసింది. ముందు ఫ్రీవీల్ టకటక వినిపించింది. తర్వాత టైరు కింద చిన్న పుల్ల విరిగిన చప్పుడు. అమ్మాయి సైకిల్ చైనుకి నూనె సరిపోలేదని తెలిసింది. అడవిలోంచి ఒక పిట్ట రెండక్షరాలు పలికి ఆగింది, మళ్ళీ అవే రెండు. గడియారాల్లో బొమ్మ పిట్ట కూసే కూత, నిజంగా ఒక గొంతులోంచి! ఇంగ్లీషు పాఠాల్లో దీన్నే కోకిల అని చెప్పారు మాకు. మన కోకిలకి దూరపు చుట్టమే గానీ కూత వేరు. మన కోకిల గొంతు పెంచుకుంటూ పెంచుకుంటూ పోయి, ఇక పై మెట్టు లేక ఆగుతుంది. ఇది గుమాస్తాలాగా చెప్పిందే చెబుతుంది.

నిశ్శబ్దమంటే చప్పుడు లేకపోవడం అనుకునేవాణ్ణి. ఈ దారి నిండా చప్పుళ్ళే. కాకపోతే ఏ చప్పుడూ నన్ను తప్పుకోమనడం లేదు.

మోకాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మధ్యలో కొండలున్న దేశం అది. అయినా దారి ఎక్కడా నిలువుగా ఎక్కదు. ఎక్కుతున్నామో దిగుతున్నామో ఊపిరికే తెలియాలి, కంటికి తెలియదు. కారణం ఇది ఒకప్పటి రైలు కట్ట. ఇనప చక్రం ఇనప పట్టా మీద ఏటవాలు ఎక్కలేదు, జారిపోతుంది. అందుకని ఆనాటి ఇంజనీర్లు మిట్టల్ని కోసి పల్లాల్ని పూడ్చారు, మలుపుల్ని విశాలంగా తిప్పారు. ఆవిరి ఇంజను కోసం పడ్డ శ్రమంతా ఇప్పుడు నా మోకాళ్ళకి ముట్టింది. గోడ మీద ఊరి పేరు అలాగే ఉన్న స్టేషన్లు మధ్యమధ్యలో కనిపిస్తాయి. కొన్ని ఇళ్ళయ్యాయి, ప్లాట్‌ఫారం మీద టమాటా మొక్కలు. ప్రతి గేటు దగ్గరా చిన్న ఇల్లు. రైలు గేటు వెయ్యడం తియ్యడం ఆ దేశంలో చాలాచోట్ల ఆడవాళ్ళ ఉద్యోగమట. పట్టాల మీద పనిచేసేవాడి భార్యకి ఆ ఇల్లు, ఆ గేటు ఇచ్చేవాళ్ళు. ఎసట్లో గింజలు పోసి గేటు వెయ్యడానికి పరిగెత్తేవాళ్ళన్నమాట.

ఇలా ఊళ్ళు తిరగడం కోసమే సైకిల్ తొక్కడాన్ని ఒక ధర్మంగా ప్రచారం చేసిన మనిషి ఫ్రాన్సులో ఒకాయన ఉండేవాడు. పేరు పాల్ ద వివీ, కలంపేరు వెలోసియో. సెంతెత్యెన్ ఊళ్ళో ఉండి 'ల సైక్లిస్త్' అనే పత్రిక నడిపాడు. ఎక్కువ గేర్లుంటే మామూలు మనిషి కూడా కొండలు దాటగలడని ఆయన వాదన. పందేలవాళ్ళు దాన్ని ఆడంగితనం అన్నారు. టూర్ ద ఫ్రాన్స్‌లో గేర్లు మార్చే డిరైలర్‌ని 1937 దాకా ఒప్పుకోలేదు. అది చూడకుండానే 1930లో ఆయన పోయాడు, తనుండే ఊరి వీధిలో, ట్రామ్ తగిలి. కొండలు దాటమని చెప్పిన మనిషిని వీధి తీసుకుపోయింది. ఆ కథ చెప్పినప్పుడు అమ్మాయి కాసేపు పెడల్ ఆపేసింది. ఇరవై ఒక్క గేర్ల సైకిలది. నాది కూడా.

సరే, పచ్చదారిని పొగుడుతున్నాను గదా, దాని మీద నా ఫిర్యాదు కూడా ఉంది. మరీ సుఖంగా ఉంటుంది. రైలు ఊరి మధ్యలోంచి పోదు కాబట్టి ఈ దారికీ ఊరు కనపడదు, ఊరి పెరళ్ళు కనపడతాయి. రెండు పక్కలా చెట్లు గోడ కట్టేసి, ఐదారు కిలోమీటర్లు పోయేసరికి ఏసీ పెళ్ళిమండపంలో నడుస్తున్నట్టుంటుంది. అందుకే కొర్మతాన్ దాటాక "ఇక ఊళ్ళోకి పోదాం" అన్నాను. మిషెలిన్ మ్యాపులో తెల్లగా సన్నగా గీసిన రోడ్లుంటాయి. పావుగంటకో కారు వస్తే వస్తుంది. వచ్చినా, ఊరి బయట సైకిల్‌ని మీటరున్నర దూరం వదిలి దాటాలని చట్టం. చాలామంది దాటేముందు వెనకే ఓపిగ్గా వస్తారు. ఆ ఓపిక నాకు లారీ కంటే ఎక్కువ కంగారు పుట్టించింది.

మధ్యాహ్నం పన్నెండుకి ఒక ఊరు చేరాం. పేరు చెప్పను, చెప్పుకునేంత గొప్ప జరగలేదు. చర్చి గంట పన్నెండు కొట్టింది. రెండు నిమిషాలయ్యాక మళ్ళీ పన్నెండు కొట్టింది. పొలాల్లో ఉన్నవాళ్ళు మొదటిసారి లెక్క తప్పితే రెండోసారి సరిచూసుకోవడానికట. ఇంత మర్యాదగల గంటని నేనెక్కడా చూడలేదు. అయితే రెండోసారి వినడానికి ఆ ఊళ్ళో మేమిద్దరమే ఉన్నాం. రొట్టెల కొట్టు మూసి ఉంది, ఆ రోజు సోమవారం. పక్కనున్న కాఫీ కొట్టు సోమవారానికి మూసింది కాదు, ఎప్పుడో మూసింది. కిటికీలో ఎండకి వెలిసిన ఐస్‌క్రీం బొమ్మ. సీసాల్లో నీళ్ళయిపోయాయి. చౌకులో కొళాయి ఉంది, మీద 'తాగరాదు' అని పలక.

"శ్మశానానికి పోదాం" అంది మా అమ్మాయి.

ఎండకి దీని బుర్రేమన్నా అయిందా అనుకున్నాను. కాదు. ఫ్రాన్సులో సైకిల్ యాత్రికులందరికీ తెలిసిన కిటుకట. సమాధుల మీద పూలమొక్కలకి పొయ్యడానికి చాలా శ్మశానాల్లో కొళాయి ఉంటుంది, దాదాపు ఎప్పుడూ పంపునీళ్ళే. గేటు కిర్రుమంది. గోడ పక్కన రాతి తొట్టి, దాని మీద ఇత్తడి కొళాయి, కొక్కేలకి వరసగా ఆకుపచ్చ నీళ్ళ డబ్బాలు. తిప్పితే ముందు గాలి దగ్గింది, తర్వాత చల్లటి నీళ్ళు. తాగరాదన్న పలక లేదు. అమ్మాయి గటగటా తాగేసింది. నాకు చెయ్యి రాలేదు. శ్మశానం గడప తొక్కితే తలస్నానం చెయ్యకుండా ఇంట్లోకి రానివ్వని ఇంట్లో పుట్టినవాణ్ణి. "నాన్నా, దీంతోనే స్నానం కూడా చేసెయ్" అంది. తాగాను. చెప్పుకోకూడదు గానీ ఆ మూడు రోజుల్లో తాగిన నీళ్ళలో అవే తియ్యన.

శ్మశానం బయట, అన్ని ఊళ్ళలో లాగే, 1914–18 యుద్ధంలో పోయినవాళ్ళ పేర్ల రాయి ఉంది. ఆ యుద్ధంలో ఫ్రాన్సు దాదాపు 14 లక్షల మందిని పోగొట్టుకుంది. ఆ రాయి మీద ఇరవై మూడు పేర్లు లెక్కపెట్టాను. ఒకే ఇంటిపేరు మూడుసార్లు. తల ఎత్తి ఇళ్ళు లెక్కపెట్టాను. కిటికీలు తెరిచి ఉన్నవి పదకొండు.

అక్కణ్ణుంచి నా మనసు కొంచెం తేడా చేసింది. ఇంత దూరం వచ్చి నేను జేబులో వేసుకుంటున్న ఈ నిశ్శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరో పెంచిన పూలతోట కాదిది. ముందు పొలం పనికి మనుషులు తగ్గారు. తర్వాత కార్లు, లారీలు వచ్చి రైలుని ఖాళీ చేశాయి. ఖాళీ రైలు ఆగిపోయింది. ఆగిపోయిన రైలు కట్ట మీద నేను బండ్ల చప్పుడు లేదని మురిసిపోతున్నాను. అంటే ఈ దారి నాకు కార్లవాళ్ళు పెట్టిన భిక్షే. షాలోన్‌లో మేం బయల్దేరిన చోటే సోన్ నది నుంచి ఒక కాలవ మొదలవుతుంది. దాని గట్టు మీద కూడా ఇలాగే సైకిల్ దారి వేశారు. సరుకు పడవల్ని మనుషులు, గుర్రాలు తాడు కట్టి లాగిన గట్టు అది. గట్టు మీద తాళ్ళు లాగిన మనుషులంటే నాకు కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మా కాలవల్లోనూ పడవలదే రాజ్యం. కాకినాడ నుంచి మద్రాసు దాకా కాలవ మీదే సరుకు వెళ్ళేది. గాలి లేనప్పుడు తాడు భుజాన వేసుకుని గట్టు మీద వంగి నడిచేవాళ్ళని మా తాత చూశాడు. మా కాలంలో గట్టు మిగిలింది గానీ నిశ్శబ్దం మిగల్లేదు. గట్టు మీదికి లారీ ఎక్కేసింది. ఏది మేలో నేను తేల్చలేను. ఆ ఊళ్ళో రొట్టెల కొట్టుకి గిరాకీ లేదు, మా గట్టు మీద టీకొట్టుకి తీరిక లేదు.

ఊరొదిలి పట్నం పోయిన కొడుకుల్లో నేనూ ఒకణ్ణి. మా వీధిలో తెరిచి ఉన్న కిటికీలు లెక్కపెట్టే పని పెట్టుకోదలచుకోలేదు.

క్లూనీలో రాత్రి పడుకున్నాం. 910లో మొదలైన మఠం అక్కడిది. దాని చర్చి, రోములో సెయింట్ పీటర్స్ కట్టేదాకా, క్రైస్తవలోకంలో అన్నిటికన్నా పెద్దది. విప్లవం తర్వాత అమ్మేశారు. కొన్నవాళ్ళు దాన్ని రాళ్ళ క్వారీ చేసుకుని ఏళ్ళ తరబడి అమ్ముకున్నారు. ఇప్పుడు మిగిలింది ఒక పక్క చెయ్యీ, దాని మీద గోపురమూ. ఊళ్ళో ఏ గోడలో ఏ ముక్క ఉందోనని చూసుకుంటూ నడిచాం.

మూడో రోజు పొద్దున్న, క్లూనీ దాటి పచ్చదారిలోనే, నా వల్ల ఒక పని జరిగింది. దిగుడు దారి, గాలి వెనకనుంచి, వీపు మీది చెవి హాయిగా నిద్రలో ఉంది. ముందు ఒక ముసలమ్మ, చేతికర్రతో, ఒక చిన్న కుక్కతో నడుస్తోంది. పక్కనుంచి జుయ్యిన దాటాను. కెవ్వుమంది. కర్ర పడిపోయింది, కుక్క నా చక్రంలోకి వచ్చేసింది. బ్రేకు వేసి, సైకిల్ గడ్డిలో పడేసి, పరిగెత్తి కర్ర తీసిచ్చాను. ఆవిడ వణుకుతోంది. అమ్మాయి వెనకే వచ్చి ఫ్రెంచిలో క్షమాపణలు చెప్పింది. ఆవిడ నావైపు కాదు, దారి వైపు చూస్తూ ఏదో అంది. ఏమందని అడిగాను.

"పూర్వం రైలొస్తే నేల అదిరేది, కాళ్ళకి ముందే తెలిసేది. మీరు దెయ్యాల్లా వస్తారు, అంటోంది."

నా మొహం మాడిపోయింది. నేను దించుకున్న కాపలా ఆ ముసలమ్మ వీపుకెక్కిందన్నమాట. రావులపాలెంలో ఇసక లారీవాడు నయం, గొలుసులు మోగించుకుంటూ వచ్చేవాడు. నా హ్యాండిల్‌కి కూడా చిన్న ఇత్తడి గంట ఉంది. అద్దె సైకిల్ ఇచ్చినవాళ్ళు పెట్టారు. మూడు రోజులుగా దాన్ని ఒక్కసారి కూడా మీటలేదు. ఇంత ప్రశాంతంగా ఉంటే మోగించడం మర్యాద కాదేమో అనుకున్నాను. ఆవిడ కుక్కని ఎత్తుకుని, నా మొహం చూసి, కొంచెం మెత్తబడి 'బోంజూర్' అంది. అక్కడ తిట్టాక కూడా బోంజూర్ చెప్పాలి.

ఆ తర్వాత బ్వా క్లేర్ సొరంగం. పాత రైలు కోసం కొండని తొలిచి చేసిన 1,600 మీటర్ల పొడుగు సొరంగం. చలికాలంలో మూసేస్తారు, గబ్బిలాలు అక్కడ నిద్రపోతాయి కాబట్టి. లోపలికి వెళ్ళే ముందు పైన ఎక్కడో ఉరుము. చూసేలోపే అయిపోయింది. పారిస్–లియోన్ టీజీవీ. 1981లో తెరిచిన ఆ లైను ఈ కొండ మీదుగానే పోతుంది. దానికి సొరంగం అక్కర్లేకపోయింది. పాత రైలు ఎక్కలేని ఏటవాలుని అది వేగం మీద ఎక్కేస్తుంది. పాత రైలు ప్రతి ఊళ్ళోనూ ఆగేది. ఇది క్లూనీలో కూడా ఆగదు. క్లూనీవాళ్ళు దాని ఉరుము మాత్రం వింటారు.

సొరంగంలోకి దిగాం. జూన్ ఎండ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. స్వెట్టరు వేసుకోవాల్సినంత చలి. గోడలు చెమ్మగా మెరుస్తున్నాయి, పైనుంచి ఒక్కో చుక్క మెడ మీద పడుతోంది. దీపాలున్నాయి గానీ వాటి మధ్య దూరమే ఎక్కువ. దూరంగా అవతలి గుమ్మం బియ్యపుగింజంత. చాలా ముందు ఎవరో నడిచిపోతున్నారు, గోడ వారన ఒక నీడ కదులుతోంది. గంట మీట మీద బొటనవేలు పెట్టాను.

"గబ్బిలాలు లేస్తాయి నాన్నా!"

"జూన్లో అవి బయట ఉంటాయన్నావుగా."

మీటాను. చిన్న గంటే. సొరంగం దాన్ని పట్టుకుని నలువైపులా తిప్పి, గుడిగంట చేసి పంపింది. నూరు మీటర్ల అవతల ఆ నీడ వెనక్కి తిరగలేదు, ఉలిక్కిపడలేదు. ఒక చెయ్యి పైకెత్తి, మెల్లగా కుడి గోడకి తప్పుకుంది.